మూడువందల గొడుగులు

ప్రియమైన అత్తకు,

నువ్వు కులాసాగా ఉన్నావనుకుంటాను. నేను లేను. మూడు రోజులుగా ఒళ్ళు మండిపోతోంది.

చిల్లుగొడుగు ఆగిపోతోంది! మన చిల్లుగొడుగు! పోయిన గురువారం గోడల మీద చేతిరాతతో చిన్న కాగితాలు వెలిశాయి. ‘చాలనిపించింది. వచ్చే నెల మూడో ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి, పాత నూలు గోదాములో ఆఖరి కచేరీ. రండి.’ అంతే. కారణం లేదు, సంజాయిషీ లేదు. పదేళ్ళు! ఏ కంపెనీ ముందూ చెయ్యి చాపకుండా, తమ పాటలు తామే రికార్డు చేసుకుని, తామే భుజాన మోసుకొచ్చి అమ్ముకున్న నలుగురు మనుషులు. అందుకే కదా ఆ బ్యాండుని నెత్తిన పెట్టుకున్నాం. ఇప్పుడు చెప్పాపెట్టకుండా దిగిపోతారట! అదీ పగలు మూడింటికి. రాక్ పాటకి పట్టపగలు వీడ్కోలేమిటత్తా? ఆఫీసులో పదవీ విరమణ సభలా!

నన్ను వాళ్ళ మొదటి కచేరీకి తీసుకెళ్ళింది నువ్వే. నాకు పన్నెండేళ్ళు. రేకుల షెడ్డు కారుతుంటే నువ్వు లోపలే గొడుగు విప్పావు, నిన్ను చూసి పక్కవాళ్ళు విప్పారు. అప్పటినుంచి ‘గొడుగు మరిచిన రోజు’ పాట రాగానే అందరం గొడుగులు విప్పడం ఆనవాయితీ అయింది. నీ గొడుగుకి చిల్లుండటం వల్లే బ్యాండుకి ఆ పేరొచ్చిందని నేను ఇప్పటికీ అందరికీ చెప్తుంటాను. ఎవరూ నమ్మరు.

ఇంకో సంగతి విను. డ్రమ్ములు వాయించే దరువన్న మొన్న మార్కెట్లో బంగాళాదుంపలు ఏరుకుంటున్నాడు. వెనకనుంచి పిలిచాను, ‘దరువన్నా!’ అని. ఒకసారి కాదు, మూడుసార్లు. కొట్టువాడు తిరిగాడు, పక్కన తూకం వేయించుకుంటున్న ముసలాయన తిరిగాడు, వీధి కుక్క కూడా తిరిగింది. ఆయన మాత్రం తిరగలేదు. దుంపలు సంచిలో వేసుకుని చక్కా పోయాడు. పొగరు కాక ఏమిటిది!

కాబట్టి నిర్ణయించాను. ఆఖరి పాటకి అభిమానులమంతా వెనక్కి తిరుగుతాం. వాళ్ళకి వీపు చూపిస్తాం! మూడువందల వీపులు! కారణాలన్నీ నా ఆరో కరపత్రంలో వివరంగా రాశాను: ‘వీడ్కోలు కాదు, వెన్నుపోటు!’ నాలుగు ప్రతులు జతచేశాను, నీ ఆసుపత్రిలో పంచు.

నీ అభిప్రాయం రాయి. నువ్వు వద్దన్నా చేస్తాననుకో!

మండుతూ,
నీ మేనల్లుడు

*

ప్రియమైన అగ్గిపుల్లకు,

నీ ఉత్తరంలో ఆశ్చర్యార్థకాలు లెక్కపెట్టాను. పదకొండు. కరపత్రంలోవి వేరే, వాటి జోలికి పోలేదు. ఫోనొద్దు, ఉత్తరం రాయమని నీకు చెప్పింది అరుపులు తగ్గుతాయనే. నేను రోజంతా గాజుగదిలో మనుషుల్ని కూర్చోబెట్టి, వాళ్ళ చెవుల్లోకి కుయ్ కుయ్ మని శబ్దాలు పంపి, ‘వినబడితే మీట నొక్కండి’ అంటుంటాను. ఇంటికొచ్చాక నాకు కావలసింది కాస్త నిశ్శబ్దం. నువ్వు కాగితం మీద కూడా చెవి పక్కన నిలబడి అరుస్తావు.

కరపత్రం చదివాను. మొదటి పేరా బాగుంది. రెండోదానిలో ‘చారిత్రక ద్రోహం’ అన్నావు. బ్యాండు మానేస్తే చారిత్రక ద్రోహమైతే, మీ మామయ్య పొద్దున నడక మానేసినప్పుడు నేనేమనాలి? ఇంకోటి, నువ్వు పంపిన నాలుగు ప్రతుల్లో నాలుగోది మసకగా ఉంది, అక్షరాలకి నీడలు పడ్డాయి. పోయినసారీ ఇంతే. అచ్చుపని చేసేవాడివి, కాస్త చూసుకోకూడదూ?

ఇక అసలు సంగతి. మనిషి తల తిప్పకపోవడానికి పొగరొక్కటే కారణమని ఏ కరపత్రంలో చదివావు? వాళ్ళ మీద కోపముంటే ఉండనీ. అది నీ హక్కు. కానీ వీపు మాత్రం చూపించకండి. మీ మొహాలు వాళ్ళకి కనబడాలి. ఎందుకని అడగకు. అడిగినా చెప్పను. పన్నెండేళ్ళప్పుడు నిన్ను భుజాల మీద ఎక్కించుకుని రెండు గంటలు నిలబడినదాన్ని, ఆ మెడనొప్పి ఇంకా ఉంది. ఆ నొప్పి తరఫున అడుగుతున్నాను.

చల్లబడమని కోరుతూ,
అత్త

*

ప్రియమైన అత్తకు,

నీ మెడనొప్పి అన్యాయమైన ఆయుధం. అయినా వీపుల తీర్మానం ఉపసంహరించాను. ఎందుకో తెలియకుండా ఒక నిర్ణయం మార్చుకోవడం నా జీవితంలో ఇదే మొదలు, గుర్తుంచుకో.

మసక గురించి నువ్వు కూడా మొదలుపెట్టావా? మా ప్రెస్సు ఓనరు ఆరునెలలుగా అదే పాట. ప్రతి నాలుగో కాగితానికీ అక్షరాలు జారుతున్నాయి, నువ్వు పరధ్యానంగా కాగితం పెడుతున్నావు, బుర్రలో విప్లవాలు తగ్గించు అంటాడు. నేను మూడు కాగితాలు శ్రద్ధగా పెట్టి నాలుగోదానికే పరధ్యానంలోకి పోతానా? అడిగితే ‘నీ సంగతి నీకే తెలియాలి’ అంటాడు. శ్రామికుడి మీద యంత్రం తప్పు రుద్దడం గురించి కూడా ఒక కరపత్రం రాయాలి. కానీ అచ్చు వేయాల్సింది ఆయన ప్రెస్సులోనే.

నిన్న సైకిలు షాపు వెనకగదిలో అభిమానుల సమావేశం జరిగింది. పద్దెనిమిదిమంది వచ్చారు, కుర్చీలు ఆరు. వీపుల బదులు నిశ్శబ్ద నిరసన ప్రతిపాదించాను. ఏ పాటకీ చప్పట్లు లేవు, కేకలు లేవు, ఈలలు లేవు.

మా పళ్ళ డాక్టరు లేచి నిలబడ్డాడు. ‘తమ్ముడూ, నిరసనకి నేను రెడీ. నా చేతులు రెడీ కాదు. గొంతక్క ఒక్క పాట ఎత్తుకుందంటే రోగి నోట్లో పట్టకారు వదిలేసి చప్పట్లు కొట్టే రకం నేను.’

‘చేతులు జేబుల్లో పెట్టుకోండి’ అన్నాను.

‘నాకు జేబుల్లేవు’ అంది బస్సు కండక్టరక్క. ‘టిక్కెట్ల సంచి ఉంది. అందులో చెయ్యి పెడితే నాకు డ్యూటీ గుర్తొస్తుంది, రైట్ రైట్ అని అరిచేస్తాను.’

బేకరీ ఆవిడ చెయ్యెత్తింది. ‘ఏడవొచ్చా?’

‘ఏడవకూడదు. ఏడుపు సమ్మతి కిందికొస్తుంది.’

‘అయితే నన్ను సంఘంలోంచి తీసెయ్ నాయనా. నేను ఏడుస్తాను.’

ఆమెని తీసేస్తే సమావేశాలకి బన్నులుండవు. ఆ అంశం వాయిదా వేశాం. చేతుల సమస్య మాత్రం తెగలేదు. నవ్వకు, ఇది తీవ్రమైన సమస్య. క్రమశిక్షణ లేని చేతులతో ఏ ఉద్యమమూ నిలబడదు.

ఆలోచిస్తూ, మండుతూ,
నీ మేనల్లుడు

*

ప్రియమైన అగ్గిపుల్లకు,

నవ్వాను. పక్కింటావిడ వచ్చి ఏమైందని అడిగేంత గట్టిగా నవ్వాను.

చేతులకి పని లేకపోతేనే కదా చప్పట్లు. పని ఇవ్వు. అందరికీ గొడుగులున్నాయి. ఒక్క పాటకే ఎందుకు, ప్రతి పాట చివరా విప్పండి. తలపైకెత్తి మూడుసార్లు కిందికీ పైకీ ఆడించండి, మూసెయ్యండి. గొడుగు విప్పడానికి రెండు చేతులూ కావాలి. ఇంక చప్పట్లెక్కడ కొడతారు? నల్ల గొడుగులు వద్దు, ఆ గోదాము గోడలు నలుపే, కనబడవు. రంగులవి తెమ్మను. ముందువరసలో పొట్టివాళ్ళు, వెనక పొడుగువాళ్ళు నిలబడితే అన్నీ కనబడతాయి.

బేకరీ ఆవిణ్ణి ఏడవనివ్వు.

ప్రేమతో,
అత్త

*

అత్తా,

‘ప్రియమైన’ అని రాయడానికి ఈరోజు చెయ్యి రావడం లేదు. కోపం వల్ల కాదు. చదువు, నీకే తెలుస్తుంది.

నీ సలహా ఏడో కరపత్రంలో అచ్చువేసి ఊరంతా పంచాను. ‘మన నిశ్శబ్దమే మన నినాదం. మన గొడుగే మన జెండా.’ ఆదివారం రెండున్నరకల్లా గోదాము నిండిపోయింది. పైకప్పు అద్దాల్లోంచి ఎండ పలకలు పలకలుగా పడుతోంది. ఎర్ర గొడుగులు, పసుపువి, చారలవి, ఒకదానికి అంచు చుట్టూ కుచ్చులు కూడా ఉన్నాయి, అది బేకరీ ఆవిడది. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. నేను ముందువరస. ఏమీ అనకు.

వాళ్ళొచ్చారు. అన్నీ విచిత్రంగా ఉన్నాయి. డ్రమ్ములు ఎప్పుడూ వెనకుంటాయి కదా, ఈసారి వేదిక ముందుకి తెచ్చి పక్కకి తిప్పి పెట్టారు. పాడే గొంతక్క మా వైపు తిరగకుండా సగం దరువన్న వైపు తిరిగి నిలబడింది. ఆయనకి చెప్పుల్లేవు. చెక్కపలకల మీద వట్టికాళ్ళు ఆనించి కూర్చున్నాడు. చివరిరోజు కూడా ఈ స్టైలేమిటని పళ్ళు నూరాను.

మొదటి పాట అయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను చెయ్యెత్తాను. మూడువందల గొడుగులు ఒక్కసారి ఫట్ మని విచ్చుకున్నాయి. పైకి, కిందికి, పైకి, కిందికి, మూడుసార్లు. మూసుకున్నాయి. ఎవరి నోటా చిన్న కేక లేదు.

దరువన్న చేతిలో పుల్లలు గాల్లో ఆగిపోయాయి. గొంతక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దెబ్బ తగిలిందనుకున్నాను. గర్వపడ్డాను కూడా, రాయడానికి సిగ్గుగా ఉంది.

రెండో పాట, గొడుగులు. దరువన్న పుల్లలు రెండూ పైకెత్తి మాలాగే మూడుసార్లు ఆడించాడు. మూడో పాటకి నలుగురూ నవ్వుతున్నారు. నాలుగో పాటకి పళ్ళ డాక్టరు గొడుగు తిరగబడి పువ్వులా విచ్చుకుంది, దరువన్న దానికోసం ప్రత్యేకంగా ఒక దరువు వేశాడు. కండక్టరక్క పొట్ట పట్టుకుని చప్పుడు రాకుండా నవ్వుతోంది. నిరసన ఇలా ఉంటుందా అత్తా? నేను వెనక్కి తిరిగి కళ్ళెర్రజేశాను. ఎవరూ నన్ను చూడటం లేదు. అంతా వేదిక వైపే చూస్తున్నారు. కాసేపటికి నేనూ అటే చూశాను. ఇంత బాగా వాయించడం నేనెప్పుడూ వినలేదు. నా గొడుగు నాకంటే ముందే లేవడం మొదలుపెట్టింది.

‘గొడుగు మరిచిన రోజు’ ఆఖరు. అయిపోయాక దరువన్న వట్టికాళ్ళతో కిందికి దిగి సరాసరి నా ముందుకొచ్చాడు. నా చేతిలో కరపత్రాల కట్ట ఉంది. గోదాము మొత్తం వినబడేంత గట్టిగా అడిగాడు:

‘ఎవరు చెప్పార్రా మీకు, నాకు చప్పట్లు వినబడవని?’

అత్తా, ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం నేను ఏర్పాటు చేసింది కాదు.

రెండేళ్ళుగానట. ఎడమచెవి పూర్తిగా పోయింది, కుడిచెవి సగం. కాలికింద చెక్క అదురు, గొంతక్క పెదాలు, ఆమె భుజం కదలిక, వాటితోనే తాళం పట్టుకుంటున్నాడు. పగలెందుకంటే వెలుతురు కోసం. ఇంకా వాయిస్తే ఉన్న సగమూ పోతుందన్నారట. ‘మా పాప ఇప్పుడిప్పుడే మాటలు నేర్చుకుంటోంది. మిగిలింది దానికి దాచుకున్నా’ అన్నాడు. ఇంకొకళ్ళని పెట్టుకోమని తనే చెప్తే మిగతా ముగ్గురూ ఒప్పుకోలేదట. జాలి వద్దని కారణం రాయనివ్వలేదట. ‘రెండేళ్ళనించి మీరు కొట్టే చప్పట్లు మూగబొమ్మలాటలా ఉండేవి. ఇవాళ చూశాన్రా’ అన్నాడు.

‘ఇప్పుడు ఏడవొచ్చా?’ అంది వెనకనుంచి బేకరీ ఆవిడ. జవాబు కోసం ఆగలేదు. ఎవరూ ఆగలేదు.

ఆయన మళ్ళీ నన్నే చూశాడు. ‘చెప్పు, ఎవరు చెప్పారు?’

కరపత్రాలు వీపు వెనక దాచాను. ‘మాకు తెలుసన్నా’ అన్నాను.

ఏడు కరపత్రాల నిండా నిజం, నిజం అని రాసినవాణ్ణి. మూడువందలమంది ముందు మొదటి అబద్ధం ఆడాను. ఆయన నన్ను కావలించుకున్నాడు. నాలుగు రోజులైంది, అన్నం సయించడం లేదు. చెబితే ఆ పూట ఆయనకి మిగిలిన సంతోషం లాక్కున్నవాణ్ణవుతాను. చెప్పకపోతే ఇంకెప్పుడూ ఏదీ రాయలేను.

నీ ఉత్తరాలు రెండూ మళ్ళీ తీసి చదివాను. ‘మీ మొహాలు కనబడాలి.’ ‘రంగులవి తెమ్మను.’ నువ్వు చెవులు పరీక్షించేదానివి. నీకు ముందే తెలుసా?

నీ మేనల్లుడు

*

ప్రియమైన నా అగ్గిపుల్లకు,

నా గాజుగదిలో ఎవరు కూర్చున్నారో, ఎవరు కూర్చోలేదో నేను మీ మామయ్యకే చెప్పను, నీకు చెప్తానా? మళ్ళీ అడగకు. గొడుగుల గురించి మాత్రం చెప్తాను. పదేళ్ళ కింద కారుతున్న షెడ్డులో మొదట గొడుగు విప్పిందాన్ని. ఆ విషయంలో సలహా ఇచ్చే అర్హత నాకు లేదా?

అబద్ధం ఒక్కటే ఆడావు, అది నీకు అరగడం లేదు. సంతోషం. నాకు భయం వేసేది హాయిగా అరిగించుకునేవాళ్ళని చూస్తేనే. వెళ్ళి చెప్పు. ఆయన సంతోషం అంత పలచనిది కాదు.

ఎలా చెప్పాలో విను. వెనకనుంచి పిలవకు. ఎదురుగా, వెలుతురు నీ మొహం మీద పడేలా నిలబడు. మెల్లిగా మాట్లాడు. అరవకు, అరిస్తే పెదాలు వంకరపోయి చదవడం కష్టమవుతుంది. అరవకుండా ఒక సంగతి మొత్తం చెప్పడం నీకు ఇదే మొదటిసారి కాబట్టి, ముందు అద్దం ముందు సాధన చెయ్యి.

అన్నం తిను.

అత్త

*

ప్రియమైన, గుండెలు తీసిన మా అత్తకు,

అద్దం ముందు మూడుసార్లు సాధన చేశాను. నాలుగోసారి మా అమ్మ వచ్చి ‘ఎవర్రా ఆ పిల్ల?’ అంది.

దరువన్న మళ్ళీ అదే బంగాళాదుంపల కొట్టు దగ్గర దొరికాడు. చుట్టూ తిరిగి ఎదురుగా నిలబడ్డాను, ఎండ కళ్ళలో పడుతున్నా కదలకుండా. మెల్లిగా అంతా చెప్పాను. మార్కెట్లో మూడుసార్లు పిలిచింది, పొగరనుకున్నది, వీపులు, చేతుల సమస్య, గొడుగులు తెరిచింది మిమ్మల్ని శిక్షించడానికని. ‘ఆ రోజు మాకేమీ తెలియదన్నా. అబద్ధమాడాను.’

ఆయన దుంపల సంచి కింద పెట్టాడు. చొక్కాజేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. నా ఏడో కరపత్రం, నూనె మరకలతో.

‘కచేరీకి రెండు రోజుల ముందే చదివాను’ అన్నాడు. ‘మీ బేకరీ ఆవిడ ఇందులోనే బన్ను చుట్టి ఇచ్చింది.’

‘ఆ...’ అన్నాను. అదీ వంకరగానే వచ్చింది.

‘మీరు తిట్టడానికి వస్తున్నారని మా నలుగురికీ తెలుసు. తిట్లు తిందామనే కూర్చున్నా. మీరు తిట్టినా నాకు వినబడదు కదరా? కనబడింది మాత్రం ఆ గొడుగులు. వాటి కింద మొహాలు. ఐదో పాటకి నువ్వు పళ్ళు నూరడం మానేసి నవ్వావు, నేను చూశాను.’

‘మరి ఎవరు చెప్పార్రా అని ఎందుకడిగావన్నా?’

‘ఏం చెప్తావో చూద్దామని. అబద్ధమాడినప్పుడు నీ చెవులు ఎర్రబడతాయి, తెలుసా? నావి పని చెయ్యకపోయినా ఎదుటివాళ్ళ చెవులు బాగానే కనబడతాయి.’ కొట్టువాడు కూడా నవ్వాడు. ‘కారణం మాత్రం చెప్పక తప్పలేదు. లేకపోతే ఎనిమిదో కరపత్రం రాసేస్తావని భయం.’

నేను ఎవరి మేనల్లుణ్ణో కూడా ఆయనకి తెలుసట. అడక్కుండానే చెప్పాడు. గాజుగది బయట గోడకి నా మూడో కరపత్రం అంటించి ఉందట కదా? ఎవరు రాశారమ్మా ఇంత కోపంగా అని ఆయన అడిగితే, ‘మా మేనల్లుడు. గీయనంతసేపూ బంగారం’ అన్నావట. ఉత్తరాల్లో నా అక్షరాలకి అన్ని వంకలు పెట్టి, గోడకెందుకు అంటించావత్తా?

తర్వాత మా ప్రెస్సు చూస్తానన్నాడు. ఈ నిప్పంతా ఎక్కడ తయారవుతుందో చూడాలట. తీసుకెళ్ళాను. మెషీను నడుస్తోంది. ఓనరు కూర్చోమని కుర్చీ వేశాడు, ఆయన కూర్చోలేదు. మెషీను పక్కన నిలబడి రెండు అరచేతులూ దాని ఒంటికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. దేవుడా, ఆ మొహంలో నవ్వు. ఆఖరి కచేరీ తర్వాత ఆ చేతులు మళ్ళీ దరువు వింటున్నాయి. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత ఒక్కసారి కనుబొమలు ముడిచాడు.

‘ఇది తాళం తప్పుతోంది’ అన్నాడు. ‘ప్రతి నాలుగో దెబ్బా వెంట్రుకవాసి ఆలస్యం.’

ఓనరూ నేనూ మొహమొహాలు చూసుకున్నాం.

వంగి, మెషీను తిప్పే తోలుబెల్టు వేలితో చూపించాడు. ఎప్పుడో తెగితే వేసిన అతుకు ఉబ్బిపోయి ఉంది. ఆ అతుకు చక్రం మీదికి వచ్చిన ప్రతిసారీ బెల్టు జారుతోంది. నాలుగు దెబ్బలకి ఒకసారి వస్తోంది. ఆరునెలలుగా మేమిద్దరం దాని పక్కనే నిలబడి ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నాం. రెండు చెవులూ బాగున్నవాళ్ళం. మా అరుపుల్లో దాని మాట మాకు వినబడలేదు.

కొత్త బెల్టు వేశాం. ఓనరు నాకు క్షమాపణ చెప్పలేదు కానీ టీ తెప్పించాడు. దరువన్న మళ్ళీ చేతులు ఆనించి చూసి తలాడించాడు. వచ్చే బుధవారం పాపని తీసుకొస్తాడట, దాని చేతులు కూడా మెషీనుకి ఆనించి చూపిస్తాడట. గొంతక్క కూడా వస్తానందట, బన్నులుంటేనే.

ఎనిమిదో కరపత్రం రాయక తప్పలేదు. చిన్నదే, ఐదు వాక్యాలు. ‘మేము కోపంతో వచ్చాం. ఏమీ తెలుసుకోకుండా వచ్చాం. మీరు దాన్ని చప్పట్లుగా తీసుకున్నారు. పదేళ్ళకూ కలిపి ఇవి మా చప్పట్లు. ఇకపై మార్కెట్లో కనబడితే ఎదురుగా వచ్చి పలకరిస్తాం.’ సమావేశంలో ఏకగ్రీవంగా ఆమోదించారు. బేకరీ ఆవిడ ఏడ్చింది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

నాలుగు ప్రతులు జతచేస్తున్నాను. ఆశ్చర్యార్థకాలు లెక్కపెట్టుకో, ఒక్కటీ లేదు. తర్వాత అట్టడుగున ఉన్నది తీసి వెలుతురులో పెట్టి చూడు.

అది నాలుగో కాగితం.

నీ మెడనొప్పికి నా నమస్కారాలు చెప్పు.

ప్రస్తుతానికి చల్లగా,
అగ్గిపుల్ల